దావీదు మోసిన బస్తాలు

కల్వకుర్తి మార్కెట్లో పల్లికాయ బస్తాలు మోసే దావీదు నా పూర్వవిద్యార్థి. బడిలోనూ తోటివారి సంచులన్నీ అతడే మోసేవాడు. తండ్రి తాగి చనిపోవడం చూసినందున ఏనాడూ కల్లు ముట్టలేదు.

మామూలు రక్తపరీక్షలో కాలేయం పనితీరు చూపే అంకె కొద్దిగా పెరిగిందని డాక్టరమ్మ అనగానే, భార్య కరుణమ్మ దవాఖానలోనే అతన్ని నిలదీసింది.

“నాకు తెల్వకుండ తాగుతున్నవా? మీ నాయిన లెక్కనే పోతవా?”

“బైబిల్ మీద ఒట్టు, వాసన గూడ సూడలే!” అన్నాడు దావీదు.

“నిన్న ఏం పని చేసినవ్?” డాక్టరమ్మ అడిగింది.

“రెండు లారీలు నింపిన, మేడం.”

“అంత బరువు మోస్తే కండల వల్ల కూడా ఈ అంకె పెరుగుతది. వారం మోయకుండ ఉండి మళ్లా రా, చూద్దాం.”

బయటికి రాగానే కరుణమ్మ అతని చేతిలోని అన్నం సంచి లాక్కుంది.

“మోయొద్దన్నది ఇన్లేదా? ఇటియ్యి!”