మా అవ్వ నోట రాని మాట

మా అవ్వ మారెమ్మ ఎవరికీ జంకే మనిషి కాదు. కోపమొస్తే సర్పంచినైనా సరే, నడిబజార్లో నిలబెట్టి కడిగేస్తుంది. అలాంటి మనిషి నోట ఒక్క మాట రాదు: పాము. పేరెత్తితే వస్తుందట! దేవరకొండ దగ్గర మా ఊళ్లో పాతవాళ్లంతా ఇంతే. పామును ‘పురుగు’ అంటారు. పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. నల్గొండలో డిగ్రీ చదువుతున్న నాకు అదంతా నవ్వులాట.

ఆ ఏడు వానాకాలంలో జర్మనీ నుంచి లీనా అనే విద్యార్థిని వచ్చి రెండు వారాలు మా ఇంట్లో ఉంది. ఎండదేశాల పురుగుల మీద ఆమె చదువు. మన మనుషుల్నీ చూడాలని, హైదరాబాదులో ఆర్నెల్లు కూర్చుని తెలుగు కూడా నేర్చుకుంది. వచ్చీరాగానే అవ్వతో, “నాకు పురుగులు చాలా ఇష్టం” అంది.

“ఓయమ్మో! గిదేం పిల్లనే రూపా!” అని అవ్వ గుండె బాదుకుంది.

నేను పడీపడీ నవ్వాను. ఈగలూ చీమలూ అని అవ్వకు విడమర్చి చెప్పాను. మా ఊళ్లో పురుగంటే ఏమిటో లీనాకు మాత్రం చెప్పలేదు. తర్వాత ఆటపట్టించొచ్చని దాచుకున్నాను. నా తెలివి తగలెయ్య!

నాలుగో రోజు ముగ్గురం గుట్ట కిందికి వెళ్లాం. లీనా సీతాఫలం పొద పక్కన గొంతుక్కూర్చుని ఎండుటాకులు వట్టిచేత్తో తీస్తోంది. అవ్వ ఉన్నట్టుండి ఆగిపోయింది.

“బిడ్డా, పురుగు! పురుగున్నది!”

లీనా ముఖం వెలిగిపోయింది. “ఎక్కడ అవ్వా? పెద్దదా?”

“శాన పెద్దది! వద్దు బిడ్డా, పురుగు!”

లీనా ఇంకా ముందుకు వంగింది. వెనక నుంచి నేనూ చూశాను. రక్తపింజర. ఆమె వేళ్లకు జానెడు దూరంలో చుట్ట చుట్టుకుని బుస కొడుతోంది. అరవబోయాను, గొంతు పెగల్లేదు. చెప్పి ఉంటే అయిపోయేది కదా, ఈ పిల్ల నా వల్ల చచ్చిపోతోంది అనుకున్నాను. లీనా చెయ్యి చాచింది.

“పా... పా...” అంది అవ్వ. “పాము! పామే! ఎనుకకు దుంకు!”

లీనా వెల్లకిలా పడింది. అంతకుముందు చెయ్యి ఉన్న చోట పాము కాటేసి, పొదలోకి జారిపోయింది.

లీనా నన్ను కరుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అవ్వ నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఏం కాలేదవ్వా. నువ్వే బతికించినవ్” అన్నాను.

అవ్వ నా వైపు చూడలేదు.

“మీ తాతకు గూడ పురుగనే చెప్పిన” అంది. “పత్తి ఏరుతుండె. కాయ తొలిచే పురుగనుకొని చెయ్యి పెట్టిండు.”

తాత చేన్లో పాము కరిచి పోయాడనే ఇన్నాళ్లూ విన్నాను. అప్పుడు అవ్వ పక్కనే ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

“ఇయ్యాల నోట్లకెల్లి వచ్చింది గదనే,” అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “గప్పుడెందుకు రాలే?”