అనసూయమ్మగారు చర్చి ఎక్కిన శనివారాలు

ఆబిడ్స్‌లో ఎర్రదీపం పడి ఆటో ఆగింది. గన్‌ఫౌండ్రీ వైపు నుంచి పెద్ద చర్చి గంటలు వినిపించాయి. అంతే, డెబ్బై దాటిన నా కాళ్ళు కూర్చున్నచోటే ఊగడం మొదలుపెట్టాయి. "ఏమైంది అమ్మమ్మా, అంత కంగారు?" అంది పక్కనున్న మనవరాలు. ఏం చెప్పను! ఆ గంటలు వింటే నాకు దేవుడు గుర్తురాడు, అనసూయమ్మగారు గుర్తొస్తారు. కుదురన్నది ఎరగని మనిషి.

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో నాంపల్లిలో టైపిస్టుగా చేరి, స్టేషన్ వెనక ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మాది తెనాలి. వాళ్ళు తరాలుగా హైదరాబాదు వాళ్ళే. ఆవిడ భర్తకు కోఠిలో బట్టల కొట్టు. ఒక్కగానొక్క కూతురు ప్రమీల మా కోస్తా కుర్రాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుని, చర్చి వెనక సందులో కాపురం పెట్టింది. తండ్రి మండిపడ్డాడు. "గా ఇంటి గడప తొక్కితే నా మీద ఒట్టే" అని భార్య చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మరి నేనూ కోస్తాదాన్నే కదా, నాకు గది ఎలా ఇచ్చారండీ అని అడిగాను. "కిరాయికిచ్చుడు వేరు, బిడ్డనిచ్చుడు వేరు. గంతే మా ఆయన లెక్క" అని ఫక్కున నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ప్రమీలకు అప్పటికే నెలలు నిండుతున్నాయి.

శనివారం మా ఆఫీసు ఒంటిపూట. "చర్చి చూద్దాం రా బిడ్డా" అంటే సరదాగా బయల్దేరాను. కాపలా ముసలాయన ఆవిణ్ణి చూడగానే మారు మాట్లాడకుండా గంటల గోపురం మెట్ల తలుపు తీశాడు. ఇరుకు మెట్లు, చీకటి, పావురాల కంపు. ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నాకంటే ముందే ఎక్కేశారు. పైకి చేరాక నాకు ప్రాణం లేచొచ్చింది. స్టేషన్లో రైలు పొగ, అసెంబ్లీ తెల్ల గుమ్మటాలు, బషీర్‌బాగ్ చెట్లు, దూరాన మసగ్గా చార్మినార్. నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ నా గడ్డం పట్టి ఇటు తిప్పారు.

"గవి యాడికి పోతయ్? గీ దిక్కు చూడు. గా పచ్చ కిటికీల ఇల్లు, డాబా మీద మా పోరి ఉందా? నాకు దూరం కండ్లకు ఆనదు."

ఉంది. నడుం మీద చెయ్యేసుకుని బట్టలు ఆరేస్తోంది.

"చిక్కిందా? మొఖం ఎట్లుంది?"

"ఇంత దూరం నుంచి మొహం ఏం తెలుస్తుంది పిన్నిగారూ!"

"గట్లంటే ఎట్ల? జర మంచిగ చూడు."

ప్రమీల దిగిపోయేదాకా పిట్టగోడ పొడుగునా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఇంటికొచ్చే దారంతా, మీ దిక్కు బాలింతకు ఏం పెడ్తరు, కారం పెడ్తరా, పెట్టరా అని ఒకటే ప్రశ్నలు.

ఆ తర్వాత రెండు శనివారాలు డాబా మీద ఎవరూ లేరు. ఆవిడకు ఇంట్లో కాలు నిలవలేదు. ఎదురుగా పాలు పొంగిపోతున్నా చూసేవారు కాదు. నేను వెళ్ళి కనుక్కొస్తానంటే చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వద్దు బిడ్డా. ఏమన్న కానిమాట మోసుకొస్తే నేను తట్టుకోలేను." నాకూ భయం పట్టుకుంది. టైపు కొడుతుంటే అన్నీ తప్పులే.

ఆ మరుసటి శనివారం పైకెక్కి చూద్దును కదా, ప్రమీల డాబా మీద చర్చి వైపు పిట్టగోడ దగ్గర కొత్తగా కట్టిన తాడు, దాని మీద వరసగా చిన్న చిన్న తెల్లగుడ్డలు.

"పిన్నిగారూ, పొత్తిగుడ్డలు!"

"ఏంది?"

"పొత్తిగుడ్డలండీ! పసిబిడ్డవి!"

ఆ మెట్లన్నీ ఆవిడ ఎలా దిగారో ఇప్పటికీ నాకు తెలీదు. నేను వెనకాల పరుగు. సందులోకి తిరిగి, పచ్చ కిటికీల ఇంటి ముందు టక్కున ఆగిపోయారు. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద ప్రమీల, ఒళ్ళో బిడ్డ.

"అమ్మా! నీకు మనుమరాలు పుట్టింది, లోపటికి రా."

"ఎట్ల వస్తనే? మీ నాయిన మీద ఒట్టున్నది."

ప్రమీల లేచి గుమ్మం దాకా వచ్చింది. వెనక నుంచి ఆమె అత్తగారు కేకేసింది. "పురుడు వెళ్ళకుండా గడప దాటతావుటే? ఆగు!" ఇటు ఈవిడ లోపలికి వెళ్ళరు, అటు ఆ పిల్ల బయటికి రాకూడదు. అయ్యో, ఇంత దూరం పరిగెత్తుకొచ్చి ఉత్త చేతులతో పోవాలా అని నాకు ఏడుపొచ్చేసింది.

అనసూయమ్మగారు వీధి మెట్టు మీద చతికిలబడ్డారు. కాళ్ళు వీధి వైపు ముడుచుకుని, నడుం తిప్పి, రెండు చేతులూ గడప మీదుగా లోపలికి చాపారు.

"తొక్కొద్దన్నడు. చేతులు చాపొద్దనలే. ఇయ్యి, నా మనుమరాలిని ఇయ్యి."

ప్రమీల బిడ్డను ఆ చేతుల్లో పెట్టి భోరుమంది. "నువ్వు చర్చి మీద తిరుగుడు నాకు కనబడ్తుండె అమ్మా. నీకు కనబడాలెననే ఆయనతోని గుడ్డలు గా దిక్కు ఆరేయించిన." ఆ సాయంత్రమంతా ఆవిడ ఆ మెట్టు మీదే కూర్చున్నారు. అంతసేపు ఒక్కచోట కదలకుండా ఆవిణ్ణి నేను చూడటం అదే మొదలు.

చాలా ఏళ్ళకు ఏదో మాట పట్టింపుతో మా అన్నయ్య నాతో మాటలు మానేశాడు. "నా గుమ్మం ఎక్కొద్దు" అన్నాడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని కుమిలాను. ఒకరోజు ఉండబట్టలేక తెనాలి వెళ్ళి, వాళ్ళ ఇంటి ముందు వీధరుగు మీద కూర్చున్నాను. వదిన లోపలికి రమ్మన్నా కదల్లేదు. పొద్దు వాలాక అన్నయ్యే మంచినీళ్ళ చెంబు పట్టుకుని బయటికొచ్చాడు. చెంబు నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.