ఎడమచేతి ముడి

ఆ రోజుల్లో నా జబ్బుకి పేరు లేదు. ముసలితనంలో మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాక, ఏలూరు డాక్టరు చీటీలో ఇంగ్లీషులో ఉన్న మాటని అది తెలుగులో రాసి చూపించింది. డిప్రెషన్. కూడబలుక్కుని చదివాను. పందొమ్మిదివందల యాభైల్లో, కొల్లేటి ఒడ్డున మా అత్తవారింట్లో, దాన్ని బద్ధకం అనేవారు.

పిల్ల పుట్టిన మూడో నెల నుంచి నాకు మంచం దిగబుద్ధయ్యేది కాదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనిలా ఉండేది. పిల్ల ఏడుస్తుంటే పక్కింట్లో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు వినిపించేది. గాలి సోకిందని అత్త వేపమండలు తిప్పింది, తాయెత్తు కట్టింది. మెడ దగ్గర దురద తప్ప ఇంకేమీ రాలేదు.

అన్నీ చచ్చిపోయిన నాలో బతికున్నది ఒక్కటే, కుళ్ళు. నా తోటికోడలి మీద.

ఆమె మా మరిది భార్య, కొల్లేట్లోనే పుట్టిన మనిషి. నేను పెంటపాడు వైపు వరిచేల మధ్య పెరిగినదాన్ని, దోనె ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. అత్త ఎంత తిట్టినా ఆమె ఎడమచేత్తోనే తెడ్డు వేసేది, ఎడమచేత్తోనే చేప తోమేది. ఆమెకింకా పిల్లల్లేరు. నా పిల్ల ఎప్పుడూ ఆమె చంకలోనే. నేను చేతులు చాస్తే మొహం తిప్పుకుని ఆమె మెడలో దూరేది.

"చూశారా అక్కా, దీనికి నా చెమట వాసనే ఇష్టం," అని నవ్వేది.

ఆ నవ్వుని పట్టుకుని కొల్లేట్లో ముంచాలనిపించేది.

ఆ వేసవిలో కొత్త వల మొదలైంది. మా ఇంట్లో పద్ధతి, పెద్దవలని కోడళ్ళిద్దరూ చెరో సగం అల్లాలి, తర్వాత నడుమ కలపాలి. అత్త నాకు తేల్చి చెప్పింది.

"కొల్లేరు నిండేలోపు నీ సగం అవకపోతే పుట్టింటికి పంపేస్తాను. పిల్ల ఇక్కడే ఉంటుంది. పెంచే మనిషి ఉంది."

"అట్లా అనకండి అత్తా, అక్క అల్లుతుంది లెండి," అంది తోటికోడలు.

నా తరఫున మాట్లాడినందుకు కూడా ఆమె మీద మండిపోయాను.

రోజూ కూర్చునేదాన్ని. నాలుగు వల కన్నులు అల్లేసరికి దారం చుట్టిన పుల్ల చేతిలో బరువెక్కేది. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అయినా నా సగం పెరుగుతూనే ఉంది. అల్లింది నేనే, గుర్తులేదంతే అనుకున్నాను. ఆ జబ్బులో రోజులు అలాగే జారిపోయేవి. అత్త సాయంత్రం చేపల గంప దించి, మూరలు వేసి కొలిచి, ఊరుకునేది.

తొలి వానలు పడ్డాక రెండు సగాలూ కలిపి ఎండలో పరిచారు. నేను పక్కన కూర్చుని ఊరికే ముడులు తడుముతున్నాను. కుడిచేత్తో వేసిన ముడి ఒకవైపు వాలుతుంది, ఎడమచేత్తో వేసింది రెండోవైపు. నా సగంలో మొదటి రెండు మూరలే నావి. మిగతావన్నీ ఎడమచేతి ముడులు.

నా పిల్ల తనకి దక్కాలంటే ఆమె ఊరికే కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు.

కృతజ్ఞత కలిగిందని రాస్తే అబద్ధమే. మంచితనంలో కూడా నాకంటే ముందే ఉంది! లోపలికి వెళ్ళి కత్తిపీట తెచ్చి, ఆమె అల్లినదాంట్లో జానెడు కోసేశాను. పుల్లకి దారం చుట్టి, ఆ చిల్లు దగ్గరే కూర్చుని అల్లడం మొదలుపెట్టాను. అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, పిచ్చి ముదిరిందా?"

"ఎలక కొట్టేసింది అత్తా, అక్క బాగుచేస్తోంది," అంది తోటికోడలు, నా పక్కనున్న కత్తిపీటని చెంగు కింద దాస్తూ.

తర్వాత ఆ జబ్బు నాకు చాలాసార్లు తిరగబెట్టింది. ఆరోజు మాత్రం సాయంత్రానికి జానెడూ అల్లాను. చిల్లు పూడింది, వంకరగా.

"పిల్లని ఇటివ్వు," అన్నాను.

"ఏడుస్తుంది అక్కా."

"ఏడవనీ."

ఏడ్చింది. నా చంకలోంచి ఆమె వైపు చేతులు చాచింది. నేను దించలేదు.