తుప్పు పట్టని కత్తి

నేను నూజివీడు కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఇనుప వస్తువన్నదల్లా ఆముదం వాసన వేసేది. మామగారిది మామిడికాయల వ్యాపారం. బజారులో కొట్టు, రెడ్డిగూడెం దగ్గర తోట. వానలు మొదలయ్యే ముందు పారలు, గునపాలు, కొడవళ్లు, రంపం అన్నీ వసారాలో పరిచి, గుడ్డపేలికతో ఆముదం పట్టించి మళ్లీ గోడకు తగిలించేవారు. ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకునేది. పార ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవడానికి కుంకుడుకాయ కావలసిందే. ఇంత చేసినా తుప్పు దాని పని అది చేసుకుపోయేది.

అరవైల మొదట్లో మావారు బెజవాడ నుంచి దోమల మందు కొట్టే చేతిపంపు ఒకటి కొనుక్కొచ్చారు. దోమల కోసం కాదు. కిరసనాయిల్లో కుట్టుమిషను నూనె కలిపి, ఆ డబ్బాలో పోసి పిడి తోస్తే సన్నటి తుంపర వచ్చి పనిముట్ల సందుసందులకూ అంటుకునేది. ఉన్నమాట చెప్పాలి, బాగానే పనిచేసింది. ఆ ఏడు వానాకాలమంతా రంపం పళ్లు మెరుస్తూనే ఉన్నాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆదివారం వస్తే చాలు, మావారు పంపు పట్టుకుని బయలుదేరేవారు. తలుపు బందులు, త్రాసు గొలుసులు, బావి గిలక, చివరికి నా కత్తిపీట కూడా. ఆ పూట దొండకాయ వేపుడు కుక్క కూడా ముట్టలేదు.

"మీకు దణ్ణం పెడతాను, వంటింట్లోకి మాత్రం ఆ పంపు తేకండి," అన్నాను.

"తుప్పు తింటే బాగుంటుందేంటి?" అన్నారు గాని, కత్తిపీట జోలికి మళ్లీ రాలేదు.

తోటలో ఒక చెట్టు ఉండేది. ఎవరూ నాటింది కాదు, టెంక పడి దానంతటదే మొలిచింది. రసం జాతే అయినా ఆ రుచి మరే చెట్టుకూ లేదు. విస్సన్నపేట నుంచీ బాపులపాడు నుంచీ తెలిసినవాళ్లు వచ్చి, అంటు కట్టుకుంటామని అడిగేవారు. "కాయలు ఎన్నయినా తినండి. అంటు మాత్రం అడక్కండి," అనేవారు మామగారు. కంచె దాటిన కొమ్మలకు కాపలా పెట్టేవారు. పోనీ తను ఇంకో చెట్టు కట్టుకున్నారా అంటే అదీ లేదు. ఒక్కటే ఉంటేనే విలువట. నాకది పిసినారితనంగానే కనబడేది. ఇప్పటికీ అలాగే కనబడుతోంది.

ఒక వేసవిలో ఆ చెట్టు మొదట్లో రంపపుపొట్టు రాలడం కనిపించింది. పురుగు లోపలంతా తొలిచేసింది. సగం చెట్టు ఎండిపోయింది. మిగిలిన సగానికి ఆ వానల్లో అంటు కట్టకపోతే ఆ రుచి ఇక లేనట్టే. టెంక నాటితే తల్లి రుచి వస్తుందన్న నమ్మకం లేదు.

మామగారు అంటుకత్తి బయటికి తీయాలనుకున్నారు. దానికి ఆయన ఎన్నడూ నూనె తగలనిచ్చేవారు కాదు. పని కాగానే తుడిచి, పొడిబూడిద ఉన్న డబ్బాలో గుచ్చిపెట్టేవారు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు, మావారూ అడగలేదు. అంటు కట్టే ముందురోజు మావారు డబ్బా తెరిచి చూస్తే బూడిద చెమ్మగిల్లి, కత్తి మీద ఎర్రచుక్కలు తేలి ఉన్నాయి. తండ్రి పని చెడకూడదని ఆ చుక్కలు రుద్ది, రెండువైపులా పంపు కొట్టి, పైపైన తుడిచి గుడ్డలో చుట్టిపెట్టారు. మామగారు నస్యం పీల్చే మనిషి. కిరసనాయిలు మాట అటుంచి, ఇల్లు తగలబడుతున్నా ఆయన ముక్కుకు తెలియదు.

మర్నాడు చెట్టు కింద మంచె కట్టి, కుండీల్లో పెంచిన మామూలు మామిడి మొక్కల్ని కొమ్మల పక్కకు ఎత్తారు. మామగారు మొక్క కాండం కొంచెం, కొమ్మ కొంచెం చెక్కి, ఆ రెండు గాయాలూ కలిపి అరటినారతో బిగించారు. అవి అతుక్కోవడానికి రెండుమూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆయన కొట్టు వదిలేసి, కుండీలకు తనే నీళ్లు పోసుకున్నారు.

కట్లు విప్పిన రోజు నేనూ తోటలోనే ఉన్నాను. మొదటి నార ఊడదీయగానే మొక్క పక్కకు జారిపోయింది. చెక్కినచోట నల్లగా ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే. ఈలోగా చెట్టు మిగిలిన ఆకు కూడా రాల్చేసింది.

మావారు అక్కడే చెప్పేశారు. "కత్తికి నేను పంపు కొట్టాను నాన్నగారూ. తుప్పు పట్టిందని."

మామగారు కత్తిని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు. "తుప్పయితే లేదురా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

ఆ తర్వాత మామగారు బస్సెక్కి ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. ఎందుకో మాకు చెప్పలేదు. ఒకనాడు విస్సన్నపేట వర్తకుడొకాయన మా ఇంటికి వచ్చాడు. వెనక అంటు అడిగి లేదనిపించుకున్నవాళ్లలో ఆయన ఒకడు. నేను కాఫీ పట్టుకెళ్లేసరికి మామగారు గొంతు తగ్గించి అడుగుతున్నారు.

"నేనేం అనుకోనండి. ఎవరితోనూ చెప్పనండి. కంచె దాటిన కొమ్మకి మీవాళ్లెవరైనా ఎప్పుడైనా దొంగచాటుగా కుండీ కట్టారా?"

ఆయన నొచ్చుకున్నాడు. "ఎంతమాటండీ! మీరు వద్దన్నాక మీ చెట్టు మీద చెయ్యి వేస్తామా?"

మామగారు ఆ ముఖంలోకి చాలాసేపు చూశారు, అబద్ధమేమోనన్న ఆశతో.

"వెయ్యాల్సిందండీ," అన్నారు.