లిఫ్టర్ కోసం మోంటానా దాకా

ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం నాలుగున్నరకు బాతెల్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాను. రెండు రాష్ట్రాల అవతల మోంటానాలోని వైట్‌ఫిష్ అనే ఊరికి రైలు టికెట్ తీసుకున్నాను. అంత దూరం వెళ్తున్నది వేలెడంత ఉక్కు ముక్క కోసం.

మా పక్కింటి హెరాల్డ్ దగ్గర వాళ్ల తాతగారి లీవర్ రైఫిల్ ఒకటి ఉంది. నూట ఇరవై ఏళ్లు దాటిన వస్తువు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్‌ను కిందికి లాగి మూస్తే, కింది గొట్టంలోని తూటాను ఒక చిన్న పలక పైకెత్తి బ్యారెల్‌కు అందిస్తుంది. దాన్ని లిఫ్టర్ అంటారు. హెరాల్డ్ రైఫిల్లో విరిగింది అదే.

హెరాల్డ్‌కు ఎనభై రెండేళ్లు. లేత్ మెషీన్ మీద బతుకంతా గడిపిన మనిషి. నేను ల్యాబుల్లో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం చేస్తాను. పదకొండేళ్ల క్రితం మేం ఆ ఇంట్లో దిగిన వారానికే ఆయన గరాజ్‌లో మా స్నేహం మొదలైంది. పాత తుపాకుల మరమ్మతు నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి, చూపు మందగించింది. "ఒక్కసారి అది సరిగ్గా పనిచేస్తుంటే నా చేత్తో లాగి చూడాలి, రవీ" అన్నారు క్రిస్మస్ నాడు.

ఆన్‌లైన్‌లో రెండుసార్లు లిఫ్టర్లు తెప్పించాం. రెండూ పట్టలేదు. ఈ మోడల్‌లో పాత రకం, కొత్త రకం అని ఉన్నాయి. మేం చూసినంతలో పాత రకానికి కొత్తగా భాగాలు చేసేవాళ్లు ఎవరూ లేరు. విరిగినదాన్నే వెల్డింగ్ చేస్తే వారం కూడా ఆగలేదు. చివరికి వైట్‌ఫిష్ పక్కన కాలిస్‌పెల్ ఊళ్లో క్రెయిగ్ అనే వ్యాపారి ఫోన్‌లో దొరికాడు. "శుక్రవారానికి నా దగ్గర ఉంటుంది. పోస్టులో పంపను. వచ్చి చూసుకుని తీసుకెళ్లు" అన్నాడు.

కనుమ దారిలో మంచు పడుతోంది కాబట్టి కారు మానేశాను. ఎవరెట్ స్టేషన్ దగ్గర దించుతూ మా ఆవిడ సునీత, "ఒక స్పేర్ పార్ట్ కోసం లీవ్ పెట్టి మరీ వెళ్లేవాళ్లని మిమ్మల్నే చూశానండీ! రీచ్ అయ్యాక మెసేజ్ పెట్టండి" అంది.

రైలు ఆరుకు పది నిమిషాల ముందు కదిలింది. పక్క సీట్లో శ్రావ్య అని వరంగల్ అమ్మాయి. ఫార్గోలో మాస్టర్స్ చేస్తోంది, కజిన్‌ని చూసి వెనక్కి వెళ్తోంది. డబ్బాలోని పులిహోర చెరిసగం చేసుకున్నాం. నా పని వినగానే కళ్లు పెద్దవి చేసింది. "గన్స్ రిపేర్ చేస్తరా అంకుల్? గన్ ముట్టుకుంటే వీసా పోతదని మాకు సీనియర్స్ ఫస్ట్ డేనే చెప్పిన్రు." నాకు సిటిజెన్‌షిప్ వచ్చి ఆరేళ్లయిందని చెప్పాను. "అయినా నాకైతే భయమే అంకుల్" అని దుప్పటి కప్పుకుంది.

పొద్దున వైట్‌ఫిష్ చేరేసరికి ఎనిమిదీ నలభై. గంటకు పైగా ఆలస్యం. గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. స్టేషన్‌కు రెండు వీధుల అవతల కఫేలో గుడ్లు, టోస్ట్, కాఫీ దొరికాయి. కాలిస్‌పెల్‌కు చిన్న బస్సు పదింబావుకి. వేళలు మారుతుంటాయి, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. అరగంట ప్రయాణం. బస్సు దిగి పావుగంట నడిస్తే క్రెయిగ్ ఇల్లు. దాని వెనక రేకుల షెడ్డే అతని దుకాణం.

నేను వెళ్లేసరికి ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ కౌంటర్ ముందు నిలబడి ఉంది. బల్ల మీద తువ్వాల పరిచి ఒక లీవర్ రైఫిల్ పెట్టి ఉంది. హెరాల్డ్‌ది ఏ రకమో అదే రకం. వెనకవైపు కట్టె పిడి మీద పట్టుకునే చోట చేతి రాపిడికి నునుపు తేలింది.

"మా నాన్నది. పశువుల వెంట వెళ్లినప్పుడల్లా గుర్రం మీద పెట్టుకునేవాడు. ఇప్పుడు మా ఇంట్లో దీన్ని పట్టుకునేవాళ్లు లేరు. మంచి ఇంటికే పంపుతారు కదా?" అని అడిగింది ఆవిడ.

"తప్పకుండా మేడమ్" అన్నాడు క్రెయిగ్.

ఆవిడ కట్టెను ఒకసారి తడిమి వెళ్లిపోయింది. తలుపు మూసుకోగానే క్రెయిగ్ నా వైపు తిరిగి, "ఇదిగో, నీ లిఫ్టర్ వచ్చింది" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. రైఫిల్ తీసి లీవర్ లాగి చూశాను. వెన్నలా కదిలింది. లోపల ఏ లోపమూ లేదు.

"దీన్ని విప్పేస్తారా? ఇది బాగానే పనిచేస్తోంది కదా!"

"మొత్తంగా అమ్మితే ఒక్కడు కొంటాడు. విడదీస్తే పదిమంది. నీలాంటివాళ్లు రోజూ ఫోన్ చేస్తూనే ఉంటారు."

"ఆవిడకి మాటిచ్చారు."

"పది ఇళ్లకు పంపుతున్నాను. అన్నీ మంచి ఇళ్లే" అని నవ్వాడు.

ఆ క్షణాన వద్దనాల్సింది. హెరాల్డ్ వణికే చేతులు గుర్తొచ్చాయి. అవి సాకు మాత్రమేనేమో. రాత్రంతా ప్రయాణం చేసి ఉత్త చేతులతో వెనక్కి పోవడం నాకు ఇష్టంలేకపోయింది. క్రెయిగ్ రైఫిల్ పక్కనున్న స్క్రూ తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది. అతని దగ్గరున్న స్క్రూడ్రైవర్ దానికి పెద్దది, తల చెడిపోయేలా ఉంది. "ఉండండి" అని నా సంచిలోంచి సరైనది తీశాను. రెండు చుక్కల నూనె వేసి, కాసేపు ఆగి, గీత పడకుండా విప్పాను. తర్వాతవీ నేనే విప్పాను. లిఫ్టర్ బయటికొచ్చింది. నేను వెంట తెచ్చిన విరిగిన ముక్క పక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. డబ్బిచ్చి జేబులో వేసుకున్నాను.

ఒంటిగంట బస్సులో ఆ పెద్దావిడే నా పక్కన వచ్చి కూర్చుంది. పేరు మార్లీన్. పొద్దున పొరుగాయన ట్రక్కులో దింపాడట, తిరుగు ప్రయాణం బస్సులో.

"ఇందాక షెడ్డులో ఉన్నారు కదూ? ఏం కొన్నారు?"

"చిన్న పార్ట్."

"మా నాన్న రైఫిల్ చూశారా?"

"చూశాను. చాలా బాగుంది."

"కొన్నవాళ్లు దాన్ని వాడతారంటారా? గోడకు తగిలిస్తే నాన్నకు నచ్చదు."

"వాడతారు" అన్నాను.

ఆవిడ ముఖం తేటపడింది. ఎవరు కొన్నారో తెలిస్తే చెప్పమని తన నంబర్ నా ఫోన్‌లో ఎక్కించింది. ఇంకో పది నిమిషాలకు ఆవిడ స్టాప్ వచ్చింది. దిగి, కిటికీ వైపు చెయ్యి ఊపింది.

వైట్‌ఫిష్ స్టేషన్‌లో కూర్చుని మూడింటికి హెరాల్డ్‌కు ఫోన్ చేశాను. దొరికిందనగానే ఆయన చిన్నపిల్లాడిలా కేక వేశారు. తర్వాత అడిగారు, "దేన్లోంచి తీశాడు? తుప్పు పట్టిందా?"

ఆయనకు అబద్ధం చెప్పలేకపోయాను. అంతా చెప్పాను.

"అది పనిచేస్తుండగానే విప్పారా?"

"అవును."

"ఎవరు?"

"నేనే, హెరాల్డ్."

"నిన్నటిదాకా చెడిపోయింది ఒక్కటే, రవీ. ఇప్పుడు రెండు. దాన్ని నా ఇంటికి తేకు" అని పెట్టేశారు. పదకొండేళ్లలో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

వెంటనే క్రెయిగ్‌కు ఫోన్ చేశాను. లిఫ్టర్ వెనక్కి తెస్తాను, రైఫిల్ మొత్తంగా నేనే కొంటానన్నాను. "ఆలస్యం చేశావు. బ్యారెల్ రెండింటికే ఒకాయన వచ్చి పట్టుకెళ్లాడు. కట్టె టెక్సస్‌కు ప్యాకైపోయింది. ఇంకోటి వస్తే చెప్తాలే" అన్నాడు.

తిరుగు రైలు తొమ్మిదిన్నరకు ఎక్కాను. నిద్ర పట్టలేదు. తెల్లవారి వెనాచీ దాటాక, మంచులో ఆపిల్ తోటల మోళ్లు కనిపిస్తుండగా మార్లీన్‌కు ఫోన్ చేశాను. నేనెవరో, ఏం చేశానో, బస్సులో ఏం అబద్ధం చెప్పానో చెప్పాను. ఆవిడ తిట్టలేదు.

"బస్సులో కూర్చున్నప్పుడు అది ఇంకా బల్ల మీదే ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"అన్ని ముక్కలూ?"

"నా జేబులోది తప్ప అన్నీ."

"అయితే అప్పుడే చెప్పాల్సింది. దిగి వెనక్కి వెళ్లేదాన్ని కదా" అంది. ఫోన్ పెట్టేసింది.

ఈ దారిలో వెళ్లదలచినవాళ్లకు చెప్పేది ఇంతే. రైలు సుఖంగా ఉంటుంది, వైట్‌ఫిష్ అందమైన ఊరు, మంచు కొండలు కిటికీ పక్కనే వస్తాయి. ఇలాంటి పాత రైఫిల్ భాగాలు మాత్రం ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టవు. ఇంకో రైఫిల్ చస్తేనే దొరుకుతాయి. అది ఎవరిదో ముందే అడగమని మీకు సలహా ఇద్దామనుకున్నాను. కానీ నాకు అడిగే పని కూడా లేకపోయింది. ఎవరిదో మార్లీన్ నా ముందే చెప్పింది, విన్నాను, విని కూడా తెచ్చుకున్నాను.