మేస్త్రీ నీళ్ళు పట్టిన గోడ

మా మేస్త్రీ పోయాడు. పోయిన ఆదివారం, జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో, గుండె ఆగి. నేను ఇక్కడ మస్కట్ అవతలి సహం పట్టణంలో సైట్ మీద ఉండగా ఆయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, మా బాపు లేడే" అన్నాడు. ఆ రోజు రూమ్‌లో ఎవరూ టీవీ పెట్టలేదు. కంపెనీ ఆఫీసుకు కబురు చెబితే క్లర్కు, "ఏ మేస్త్రీ?" అని అడిగాడు. బతుకంతా వాళ్ళకు గోడలు కట్టిన మనిషిని పట్టుకుని ఏ మేస్త్రీ అట! అందుకే రాస్తున్నాను, ఏ మేస్త్రీయో.

పొద్దున బండి అందరికంటే ముందు ఎక్కేవాడు, టీ అందరికంటే చివర తాగేవాడు. భోజనాల దగ్గర ఒకరి కూర ఇంకొకరికి రుచి చూపించి తగువు పెట్టి నవ్వేవాడు. సమోసా చుట్టిన కాగితం దగ్గర నుంచి సిమెంటు బస్తా మీద రాత దాకా దొరికిందల్లా చదువుతానని నాకు పేపర్ పంతులు అని పేరు పెట్టాడు. "ఏం పంతులూ, ఇయ్యాల ప్రపంచం ఉన్నదా, మునిగిందా?" అనేవాడు. "నువ్వుండంగ ఎట్ల మునుగుతది కాకా" అనేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది సంగతి. సహం బజారులో పాత దుకాణాలు పడగొట్టి, కొత్త మార్కెట్‌కు పునాది తవ్వుతున్నాం. మనిషి లోతున ఒక గోడ తగిలింది. పని ఆగింది. మస్కట్ నుంచి పాత కట్టడాలు చూసే ఆఫీసరు, ఆయనతో తవ్వకాలు తెలిసిన ఒక విదేశీ మేడం వచ్చారు. కింద పాత పట్టణం ఉందన్నారు. దర్జీ దుకాణం కింద వీధి, కాఫీ హోటల్ కింద ఇళ్ళు, మేం రోజూ నడిచే బజారు కింద ఇంకో బజారు. మా చేతుల్లో పారలు తీసేసి చిన్న తాపీలు, బ్రష్షులు పెట్టారు.

మేస్త్రీ తవ్విన చోట ఒక గది గోడ బయటపడింది. తెల్లటి సున్నపు పూత, దాని మీద పూసినవాడి వేళ్ళ గీతలు. "అరేయ్ చూడుర్రి, వీడు ఎడమచెయ్యి మేస్త్రీ" అని పగలబడి నవ్వాడు. మున్సిపాలిటీ ఒప్పుకుంటే మార్కెట్‌ను కొంచెం జరిపి, ఈ గదిని మాత్రం జనం చూడటానికి అలాగే ఉంచుతామని ఆఫీసరు హిందీలో చెప్పాడు. ఆ మాట విన్నాక మేస్త్రీకి వేరే ధ్యాస లేదు.

"కట్టినంక ఏ బిల్డింగుల నన్ను అడుగు పెట్టనిచ్చిండ్రు రా? మస్కట్ ఖురంల నేను కట్టిన మాల్‌కే పోతే వాచ్‌మెన్ నా చెప్పులు చూసి ఆపిండు. దీన్ని అందరు చూస్తరట. నా కొడుకును తోలుకొచ్చి చూపిస్త."

ఒక గురువారం సాయంత్రం పూత మీద సన్నటి పగుళ్ళు కనిపించాయి. అప్పటికే ఆఫీసరు, మేడం రెండు రోజుల సెలవుకు మస్కట్ వెళ్ళిపోయారు. పూత పగిలితే దానికి నీళ్ళు చాలలేదనేది మా పనిలో మొదటి పాఠం. మేస్త్రీ శుక్రవారం సెలవు మానుకుని ఆ గోడకు గోనెసంచులు కప్పి, ట్యాంకరు పైపుతో తడిపాడు. శనివారం మళ్ళీ తడిపాడు. "పసిపిల్లకు తానం పోసినట్టు పోసిన పంతులూ" అని సంబరంగా చెప్పాడు.

ఆదివారం పొద్దున వెళ్ళేసరికి గోడ లేదు. సున్నం వెనక అంతా కాల్చని పచ్చి ఇటుక. నీళ్ళు తాగి బురదై కూలింది. మట్టిగోడను తడపకూడదని మా ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన పైపూత చూసి మోసపోయాడు. లోపల ఏముందో ఆ చదువుకున్నవాళ్ళకు తెలుసు. వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో చెప్పుకున్నారు. మాకు హెల్మెట్ గురించి చెప్పారు, బూట్ల గురించి చెప్పారు. గోడ దేనితో కట్టిందో ఒక్కరూ చెప్పలేదు. మేం చేతులం కదా, చేతులకు ఎవడు చెబుతాడు!

"కిస్నే కియా?" అన్నాడు ఆఫీసరు, ఇదెవరి పని అని.

"మైనే కియా సాబ్. బచానే కే లియే" అన్నాడు మేస్త్రీ. కాపాడుదామనే చేశానని.

మేడం ఆ బురద పక్కనే కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేదని మేస్త్రీ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో. ఆగిన పని మళ్ళీ మొదలవుతుందని మా మేనేజరు మాత్రం సంతోషం దాచుకోలేదు. "ఖలాస్. ఇంక చూపించడానికి ఏముంది?" అన్నాడు. అంతే, ఎక్కువ రోజులు పట్టలేదు, గుంత పూడ్చి కాంక్రీటు పోయించారు.

మార్కెట్ పూర్తయ్యాక మేస్త్రీ వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఫోన్‌లో వెతికి వెతికి చదివాను. అలాంటి గోడలు గాలీ ఎండా తగిలితే ఎక్కువకాలం నిలవవట. చాలాచోట్ల కొలతలు, ఫోటోలు తీసుకుని మళ్ళీ మట్టితోనే కప్పేస్తారట. వెంటనే ఫోన్ చేశాను. "కాకా, తప్పు నీది గాదే. నువ్వు ముట్టకున్నా అది పోయేదే" అని అరిచాను.

"పోయేదే గావచ్చు పంతులూ. కానీ నా చేతుల పోయింది గద" అన్నాడు. తర్వాత, "ఎవలన్న గోడ చూపిస్తే ముందుగాల లోపల ఏమున్నదో అడుగు. సిగ్గుపడకు" అన్నాడు. మా మధ్య అదే ఆఖరి మాట.

అప్పుడు ఆ గుంత మీద కాంక్రీటు పోసిన మర్నాడు, పగలకుండా దానికి నీళ్ళు పట్టే డ్యూటీ మేనేజరు కావాలనే మేస్త్రీకి వేశాడు. "నీళ్ళంటే నీకు ఇష్టం కదా" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మేస్త్రీ స్లాబ్ మీద ఇసుక సిమెంటుతో చిన్న చిన్న గట్లు వేసి, నారుమళ్ళలా నీళ్ళు నిలిపాడు. చెప్పులు విడిచి అందులోకి దిగాడు. మేం అన్నానికి పిలుస్తున్నా రాలేదు. ఆ గది ఉండిన చోట గొంతుక్కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి నెమ్మదిగా తడుముతున్నాడు, ఎక్కడైనా సందు ఉండి కింద మిగిలిన మట్టిగోడల మీదికి దిగుతున్నాయేమోనని.