చక్రాల పెద్దనాయన ఎంచిన టైర్లు

పోయిన మంగళవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మొదటి బస్సు ఆదోనిలో మా పత్రికాఫీసు ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు మెట్టు మీద నుంచే "సార్, మీ వీధి చక్రాలాయన పోయినాడు. మీకు సెప్పమన్నారు" అని చెప్పి విజిల్ వేశాడు. అదే బస్సు తిరిగి వెళ్లేటప్పుడు నేనూ ఎక్కాను.

ఆయన వయసు ఎంతో రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇంట్లోవాళ్లు డెబ్బై ఎనిమిది అన్నారు. వీధిలో ఎనభై దాటాయన్నారు. ఆయన్నే ఒకసారి అడిగితే, "నేను పుట్టిన ఏడు జొన్న బాగా పండిందంట. అంతవరకే తెలుసు" అన్నాడు. వృత్తి మాత్రం ఖాయంగా రాయగలను. ఎద్దులబండి చక్రాలు చేసే వడ్రంగి. మోటారు బండి ఎన్నడూ నడపలేదు. సొంతానికి సైకిలు కూడా లేదు. మాకు చుట్టం కాదు, ఎదురింటివాడు. వీధిలో అందరం పెద్దనాయనా అనే పిలిచేవాళ్లం.

కొన్నేళ్ల కిందట ఆయన చేసిన ఒక పని గురించి నేను అప్పుడే రాసి ఉండవలసింది. సొంత వీధి సంగతి, పైగా ఆ బండిలో నేనూ ఉన్నాను, విలేకరికి తగదనుకుని ఊరుకున్నాను. అది పొరపాటు.

చక్రం చేయమని వచ్చిన రైతును పెద్దనాయన ముందుగా కొలతలు అడిగేవాడు కాదు. "మీ చేను మన్ను పిడికెడు తెచ్చినావా?" అని అడిగేవాడు. తేకపోతే తిప్పి పంపేవాడు. నల్లరేగడికి ఆయన చేసే చక్రం ఎత్తుగా, అంచు సన్నగా ఉండేది. పైనున్న బురదను కోసుకుని అడుగున గట్టి నేలను అందుకోవాలని ఆయన లెక్క. ఇసుక దారికి అంచు వెడల్పుగా పెట్టేవాడు, కూరుకుపోకుండా. శ్రావణంలో ఉరుకుంద తిరునాళ్లకు పోయే బండ్లు మా ఊరి మీదుగా వెళ్తాయి. ఆ రోజుల్లో పనిముట్ల సంచి పక్కన పెట్టుకుని రోడ్డు మీదే కూర్చునేవాడు. చక్రానికి అంటిన మన్ను చూసి, వాళ్లు ఏ ఊరి వైపు నుంచి వస్తున్నారో చెప్పేవాడు. తప్పితే ఒప్పుకునేవాడు. తప్పడం నేను రెండుసార్లు చూశాను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి వానాకాలం. మా వీధిలో ఎనిమిది నేత కుటుంబాలు కలిసి, మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత పికప్పు బండి ఒకటి కొన్నాయి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీటు, వెనక సరుకు వేసుకునే తొట్టి. యుద్ధకాలంలో అస్సాం కొండల్లో లారీ తోలి వచ్చిన నేతగాడు ఒకడు ఉండేవాడు. అతనే డ్రైవరు. ఆ ఏడు బొంబాయి వ్యాపారి ఒకాయన ఈ ఎనిమిది ఇళ్లకు చీరలు, దుప్పట్లు నేసే పని ఇచ్చాడు. షరతు ఒకటే. మొదటి సరుకు శ్రావణంలో ఆయన చెప్పిన గురువారం సాయంత్రానికి ఆదోని స్టేషన్‌లో రైలెక్కాలి. ఎక్కితే ఏడాది పొడుగునా పని. ఎక్కకపోతే ఆ పని ఇంకో ఊరికి పోతుంది. అప్పటికే వానకు మగ్గం గుంటల్లో నీళ్లు ఊరడంతో మూడిళ్లలో నేత ఆగిపోయి ఉంది.

మొదటి వానకే పికప్పు ఊరి బయట రేగడిలో దిగబడింది. రెండో వానకు మళ్లీ. రెండుసార్లూ ఎద్దులు కట్టి లాగించారు. ఎద్దులు తెచ్చిన రైతు డ్రైవరుతో, "ఏమప్పా మిలిటరీ, మోటారు తీసి ఇంట్లో పెట్టుకో. కాడి మేము కట్టిస్తాము" అన్నాడు. టైర్లు అరిగి నున్నగా అయ్యాయి, వేరేవి కావాలి. ఎలాంటివి తేవాలన్న దగ్గర ఎనిమిది ఇళ్లలో ఎనిమిది మాటలు వచ్చాయి. డ్రైవరు తల్లి మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే తేల్చేసింది.

"నేల తెలిసినోణ్ణి తోడుకొని పోరా. టైరు తెలిసినోనివి నువ్వు రెండుసార్లు దిగేసినావు."

అలా డ్రైవరు, పెద్దనాయన బస్సెక్కి ఆదోని వచ్చారు. నేను బస్టాండులో కలుసుకున్నాను. టైర్ల దుకాణం పత్తి జిన్నింగు మిల్లుల వెనక సందులో ఉండేది. యజమాని సాయిబు పాత మిలిటరీ టైర్లను గుట్టలుగా పేర్చి అమ్మేవాడు. వెడల్పాటివి, మీద ఉబ్బెత్తు రబ్బరు గడులు లావుగా, దగ్గరదగ్గరగా ఉన్నవి. డ్రైవరు చూడగానే ఒకదాని మీద చేయి వేశాడు.

"ఇవి బురదకూ పనికొస్తాయి, రాయికీ పనికొస్తాయి. వీటి మీదనే యుద్ధం గెలిచినాము పెద్దనాయనా."

"గెలిచింటారు. మన రేగడితో ఎవురూ యుద్ధం సెయ్యలే గదా" అంటూ పెద్దనాయన చంకలోని తడిగుడ్డ మూట విప్పాడు. లోపల మా ఊరి పొలంలోని నల్లమన్ను, పిసికి ముద్ద చేసింది.

సాయిబు నవ్వాడు. "టైరు కొనేకి వచ్చినారా పెద్దాయనా, కుండలు చేసేకి వచ్చినారా?"

"కుండయితే నీళ్లు పోసి సూస్తారు గదా సాయిబూ. టైరుకు మన్ను పెట్టి సూస్తాండా."

మన్నును బొటనవేలితో గడుల మధ్య కూరి, టైరును నిలబెట్టి, చెక్క సుత్తితో తట్టాడు. మన్ను రాలలేదు. మళ్లీ తట్టాడు. రాలలేదు.

"సూడు, ఎంత గట్టిగ పట్టుకున్యాదో. ఇంకేం కావాల?" అన్నాడు సాయిబు.

"పట్టుకునేది కాదప్పా, వదిలేది కావాల. మన్ను పట్టుకుంటే నాలుగు సుట్లలో ఇది కూడా నున్నగైతాది. మావోని పాత టైరు మాదిరే."

ఈ మాట నేను అప్పుడే నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

గంటసేపు ఒక్కో టైరుకూ మన్ను కూరి తట్టాడు. డ్రైవరు మొదట విసుక్కున్నాడు, తర్వాత తనే టైర్లు దొర్లించి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు. చివరికి పెద్దనాయన సాయిబు ముందు నిలబడి, "లెయ్యప్పా" అన్నాడు. సాయిబు రెండు టైర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని పీటలా కూర్చుని ఉన్నాడు. అవి సన్నవి, ఎత్తువి. గడులు లావుగా, ఏటవాలుగా, మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందుతో ఉన్నాయి. రెండో దెబ్బకే మన్ను ముద్దగా ఊడి సాయిబు చెప్పు మీద పడింది.

"వీటిని ఎవురూ అడగరు పెద్దాయనా. అందుకే కూసునేకి పెట్టుకున్యా."

డ్రైవరు టైరు పక్కనున్న అంకె చదివి మా బండి రిమ్ముకు సరిపోతుందన్నాడు. పెద్దనాయన అంకెను నమ్మక నూలు దారంతో తనూ కొలిచాడు. ఉన్నవి రెండే. "తోసేది ఎనక చక్రాలే గదా. రెండు చాలు" అన్నాడు. వాటిని బస్సు మీద వేసుకుని ఊరికి పోయారు.

గురువారానికి రెండు రోజుల ముందు పెద్ద వాన కురిసింది. ఆదోని రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి బస్సులు ఆగిపోయాయి. వానల వార్త కోసం ముందురోజే వెళ్లిన నేను ఊళ్లోనే చిక్కుబడ్డాను. మిగిలింది పొలాల మధ్య బండ్లదారి. అది రేగడిలో పోయి, ఒక వాగు దాటి, మళ్లీ రేగడిలో పోతుంది. ఎద్దులబండి ఆ బురదలో గురువారం సాయంత్రానికి చేరదు. గురువారం తెల్లవారాక పదకొండు బేళ్ల సరుకు టార్పాలిన్ కప్పి పికప్పులో వేశారు. వీధంతా వచ్చి నిలబడింది. పెద్దనాయన ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. నేను బేళ్ల మీద ఎక్కాను.

రేగడిలోకి దిగగానే చక్రాలు జానెడు లోతుకు వెళ్లాయి. అంతకంటే దిగలేదు. బండి కదులుతూనే ఉంది. ముద్దలు ముద్దలుగా మన్ను వెనక్కి లేచి వచ్చి నాకు తగలసాగింది. ముందు నుంచి పెద్దనాయన కేకేశాడు.

"రాలుతాందా?"

"నా మీదనే రాలుతాంది పెద్దనాయనా."

"మంచిది."

ఇంతకు ముందు ఎద్దులు లాగిన రెండు చోట్లూ దాటాం. పొలం గట్టు మీద నిలబడ్డ రైతులు చేతులు ఊపారు. డ్రైవరు హారను మోగించాడు. మధ్యాహ్నానికి వాగు చేరాం. నీళ్లు మోకాటి లోతుకు తగ్గాయి. అడుగున ఇసుక. నడిమికి వచ్చాక వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి, ఇసుకను తోడుకుని దిగబడ్డాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎగువన మబ్బు పట్టి ఉంది. అక్కడ వాన పడితే నీళ్లు తొట్టిలోకి వస్తాయి, బేళ్లు పోతాయి.

తప్పు పెద్దనాయనదే. టైర్లకు గాలి పట్టించేటప్పుడు ఆయనే పక్కన నిలబడి "కట్టెంత గట్టిగ" పట్టించాడు. చక్రం మెత్తగా ఉండకూడదని జన్మంతా నమ్మినవాడు. నీళ్లలోకి దిగి టైరు కింద చేయి పెట్టి చూశాడు.

"తప్పు నాదేరా. రేగడి చక్రాన్ని ఇసకలోకి తెస్తి. ఈడికి వెడల్పుది కావాల."

"ఈడ వెడల్పుది యాడ తెస్తావు పెద్దనాయనా?" అన్నాడు డ్రైవరు.

 ఆయన టైరు పక్కను బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత అడిగాడు.

"దీంట్లో గాలి కొంచెం తీస్తే ఏమైతాది?"

"అణిగిపోతాది."

"అణిగితే వెడల్పయితాది గదా."

"ట్యూబు నలిగి చినిగిపోతే? మళ్లీ కదిలే పని లేదు."

"సగమే తీద్దాము. నువ్వు నిదానంగా పో."

దారంతో టైరు వెడల్పు కొలిచి ముడి వేశాడు. డ్రైవరు గాలి వదిలాడు. మళ్లీ కొలిచాడు. రెండు వేళ్లు పెరిగాక, "సాలు" అన్నాడు. ఆ తర్వాత పెద్దనాయన, నేను వెనక నిలబడి తోశాం, కానీ మా బలం పెద్దగా అవసరపడలేదు. బండి గుంటలోంచి లేచి, ఇసుక మీద అణుగుతూ నడిచి, అవతలి గట్టు ఎక్కింది. పెద్దనాయన నీళ్లలోనే నిలబడి నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

"బతుకంతా రెండు రకాల చక్రాలు చేస్తి. ఇది ఒకే చక్రం, రెండు రకాలు."

గట్టు మీద చేతిపంపుతో మళ్లీ గాలి పట్టాం. ముగ్గురం వంతులు వేసుకున్నాం. పెద్దనాయన తన వంతు ఎవరికీ ఇవ్వలేదు. సాయంత్రం ఆదోని స్టేషన్‌కు చేరేసరికి బొంబాయి రైలు ఇంకా రాలేదు. వ్యాపారి మనిషి బురదతో నల్లబడ్డ బండి చుట్టూ తిరిగి చూశాడు.

"రోడ్డు లేదని చెప్పారే?"

"లేదు సార్. వచ్చినాము" అన్నాడు డ్రైవరు.

పదకొండు బేళ్లూ పొడిగా ఉన్నాయి. ఎనిమిది ఇళ్లకు ఆ ఏడాది పని దొరికింది, ఆ పైయేడూ దొరికింది. నెల తిరక్కుండా సాయిబు దుకాణం ముందు ఒక సిమెంటు తొట్టి వెలిసింది. అందులో కలిపిన నల్లమన్ను ఉండేది. గిరాకీలు అడిగితే, "పెట్టి తట్టి సూడండి. ఎమ్మిగనూరు పెద్దాయన పద్ధతి" అని చెప్పేవాడు. మంగళవారం పాడె మోసినవాళ్లలో డ్రైవరు ఉన్నాడు. సాయిబు కూడా వచ్చాడు. 

నాకు మిగిలింది ఆ గురువారం సాయంత్రం. బేళ్లను రైలెక్కించి పెట్టె తలుపు మూశారు. డ్రైవరు, నేను ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకుని నవ్వుతున్నాం. పెద్దనాయన మా వైపు చూడలేదు. పట్టాల పక్కన బురద కాళ్లతో నిలబడి, కదులుతున్న రైలు చక్రాలను చూస్తున్నాడు. బొటనవేలు, చూపుడువేలు చాచి, ఒక్కో చక్రం అంచును గాలిలోనే కొలుస్తున్నాడు. చివరి పెట్టె దాటి, రైలు చిన్నదై, పొగ మాత్రమే మిగిలాక కూడా ఆ చేయి కిందికి దిగలేదు.